అందరూ ఏడుస్తుంటే నాకు మాత్రం ఏమీ అనిపించడం లేదు, దేవుడు నా దగ్గరికి రాలేదా?

ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించాను.

"ఆంటీ గారికి వందనాలు. నాకు 26 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, లూథరన్ కుటుంబం. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి రెండేళ్లయింది, లేడీస్ హాస్టల్‌లో ఉంటున్నాను. ఆఫీసులో ఫ్రెండ్ ఒకమ్మాయి నన్ను వాళ్ల చర్చికి తీసుకెళ్లింది. చాలా పెద్ద చర్చి. ఆరాధన మొదలవగానే లైట్లు తగ్గిస్తారు, కీబోర్డు మెల్లగా వాయిస్తూ ఉంటారు, స్టేజీ మీద అన్న 'ప్రభువు సన్నిధి దిగి వచ్చింది, ఫీల్ అవుతున్నారా, చేతులెత్తండి' అంటాడు. చుట్టూ అందరూ ఏడుస్తారు. నాకు ఏమీ అనిపించదు. మొదట్లో నేనూ చేతులెత్తి, కళ్లు మూసుకుని నటించాను. ఒకరోజు మా సెల్ గ్రూప్ అక్కకి ఉన్నమాట చెప్పేస్తే 'నీలో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, అందుకే నీకు సన్నిధి తెలియడం లేదు' అంది. అప్పటినుంచి రెండు నెలలుగా వెళ్లడం మానేశాను. ఆదివారం మంచం మీద పడుకుని యూట్యూబ్‌లో చూస్తున్నాను. నాన్న ఫోన్ చేసి 'గుడికి వెళ్లావామ్మా' అంటే వెళ్లానని అబద్ధం చెబుతున్నాను. దేవుడు నిజంగా అక్కడ ఉంటే నాకెందుకు తెలియడం లేదు? నా పాపమే కారణమా? ఆయన అన్నిచోట్లా ఉన్నప్పుడు ఒక్కదాన్నే రూములో ప్రార్థన చేసుకుంటే సరిపోదా? పోయిన ఏడాది మా నాన్నమ్మ పోయింది. ఆమె ఉంటే ఆమెనే అడిగేదాన్ని. ఆమె పాటల పుస్తకం నా పెట్టెలోనే ఉంది, ఇంతవరకు తెరవలేదు."

తల్లీ, వందనాలు. నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు, కానీ ఉత్తరం చివర నాన్నమ్మ గురించి నాలుగు ముక్కలు రాసి గబగబా దాటేశావు చూడు, నేను అక్కడే ఆగిపోయాను. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ అక్క అన్నమాట సంగతి తేల్చాలి, ఎందుకంటే రెండు నెలలుగా అది నీ గుండెల మీద బండలా కూర్చుని ఉంది.

ఆ మాట తప్పు. ఆ అమ్మాయి చెడ్డదని అనడం లేదు, ఎవరో తనకు నేర్పింది నీకు అప్పజెప్పింది, అంతే. బైబిల్లో ఏ తప్పూ లేకుండా కష్టాల్లో పడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నంతసేపు ఎంత మంచివాళ్లు, నోరు తెరిచి 'నీలో ఏదో పాపం ఉంది, ఒప్పుకో' అన్న దగ్గరనుంచే దారి తప్పారు, చివరికి దేవుడి కోపం మండింది యోబు మీద కాదు, వాళ్ల మీద. నీలో పాపం లేదని చెప్పడానికి నేనెవర్ని, నాలోనూ ఉంది, ఆ అక్కలోనూ ఉంది. మీ ఊరి గుడిలో ఆదివారం ఆరాధన దేనితో మొదలవుతుందో గుర్తుందా? అందరూ కలిసి పాపం ఒప్పుకోవడంతోనే కదా. పెద్దకాపూ, కూలీ, అయ్యగారు, అందరూ ఒకేసారి ఒప్పుకుంటారు, అయ్యగారు క్షమాపణ మాట చెబుతారు, తర్వాత పాట అందుకుంటారు. క్షమాపణ దొరికినట్టు ఒంట్లో తెలిసిందా లేదా అని ఎవరూ ఎవరినీ ఆపి అడగరు. ఆ మాట పలికింది దేవుడు కాబట్టి అది నిలుస్తుంది అనే నమ్మకం మీద మిగతా ఆరాధన అంతా నడుస్తుంది. నువ్వు ఆ నమ్మకంలో పుట్టి పెరిగిన పిల్లవి, ఒక్క మాటతో దాన్ని వదులుకోకు.

ఇక సన్నిధి సంగతి. మన సంఘాల్లో ప్రార్థన కూడికకు నలుగురే వచ్చిన రోజున పెద్దవాళ్లు ఓదార్పుగా ఒక వాక్యం చదువుతారు: "ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడియుందురో అక్కడ నేను వారి మధ్యన ఉందును." మత్తయి 18లో 20వ వచనం. చిన్నప్పుడు నువ్వూ కంఠస్థం చేసి ఉంటావు. కానీ ఆ అధ్యాయం 15వ వచనం నుంచి ఒకసారి చదువు. అక్కడ పాటల గురించి ఏమీ లేదు. నీ సహోదరుడు నీకు అన్యాయం చేస్తే ఏం చేయాలి అన్నది అక్కడి విషయం. ముందు నువ్వొక్కదానివే వెళ్లి మాట్లాడు, వినకపోతే ఇద్దరినో ముగ్గురినో సాక్షులుగా వెంట తీసుకెళ్లు అని యేసు చెబుతున్నాడు, ఆ 'ఇద్దరు ముగ్గురు' లెక్క అక్కడిది. ఈ వాక్యం అయిపోగానే పేతురు వచ్చి ఎన్నిసార్లు క్షమించాలి ప్రభువా, ఏడుసార్లు చాలా అని అడుగుతాడు. ఒకవైపు గొడవ, ఇంకోవైపు క్షమాపణ, మధ్యలో ఈ వాగ్దానం. మనస్పర్థ వచ్చిన ఇద్దరు ఆయన పేరు మీద ఒకచోట కూర్చుని మాట్లాడుకునే ఆ ఇబ్బందికరమైన గదిలో తాను ఉంటానని ఆయన మాట ఇచ్చాడు. ఆ గదిలో ఎవరికీ మనసు తేలికగా ఉండదు, కీబోర్డూ ఉండదు. అయినా అక్కడ ఉంటానన్నాడు.

ఇది యూదులకు కొత్త ఆలోచనేమీ కాదు. సమాజ ప్రార్థనకు పదిమంది మగవాళ్లు ఉండాలన్నది వాళ్ల పద్ధతి, అయినా ఇద్దరు కూర్చుని ధర్మశాస్త్రం మాటలు చెప్పుకుంటుంటే వాళ్ల మధ్య షెకీనా ఉంటుందని వాళ్ల రబ్బీల మాట ఒకటి ఉంది. నువ్వు వెళ్లిన చర్చిలో 'షెకీనా మహిమ' అన్నమాట వినే ఉంటావు. అది 'నివసించడం' అనే అర్థమున్న హెబ్రీ ధాతువు నుంచి వచ్చింది. అంటే వచ్చి మన మధ్య కాపురం ఉండటం. కాపురం ఉన్న మనిషి రోజూ కనిపించి పలకరించకపోయినా ఇంట్లోనే ఉంటాడు కదమ్మా.

సొలొమోను మందిరం కట్టినప్పుడు మేఘం నిండిపోయి యాజకులు నిలబడి సేవ చేయలేకపోయారని ఉంది. అలాంటివి జరిగాయి, నేను కాదనను. కానీ అదే రోజున అదే సొలొమోను, ఆకాశ మహాకాశాలు కూడా నిన్ను పట్టలేవు, నేను కట్టిన ఈ మందిరం ఎంత అని మొరపెట్టాడు. మేఘం కళ్లముందు ఉండగా అన్నమాట అది. దేవుణ్ని మనం గదిలోకి దింపలేము అని అతనికి తెలుసు. అందుకే 'సన్నిధి దిగి వచ్చింది' అని మైకులో ప్రకటించడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. ఆ మాట అనేవాళ్ల భక్తిని అనుమానించను. కాకపోతే పాట మూడోసారి పాడాక వచ్చాడంటే, మొదటి పాటప్పుడు, ప్రకటనలప్పుడు, వెనక వరసలో చంటిపిల్లవాడు ఏడుస్తున్నప్పుడు ఆయన ఎక్కడున్నట్టు?

కొత్త నిబంధనకు వచ్చేసరికి మందిరం అన్నమాటే మనుషుల మీదికి వచ్చేస్తుంది. "మీరు దేవుని ఆలయమై యున్నారనియు, దేవుని ఆత్మ మీలో నివసించుచున్నాడనియు మీరెరుగరా?" అని పౌలు కొరింథు వాళ్లకు రాశాడు. ఇక్కడ మన తెలుగు మనకు మేలు చేస్తుంది, ఇప్పటి ఇంగ్లీషు బైబిల్లో నువ్వుకీ మీరుకీ ఒకే మాట, మనకు 'మీరు' అని స్పష్టంగా ఉంది. పౌలు అక్కడ మాట్లాడుతున్నది ఒక్కొక్కరి గుండెలోపలి అనుభవం గురించి కాదు, ఒకచోట కూడిన ఆ మనుషులందరి గురించి. ఆయన 'మీ మధ్య' నివసిస్తున్నాడు. మధ్య అనాలంటే కనీసం ఇద్దరుండాలి కదా. నీ మూడో ప్రశ్నకు సగం జవాబు ఇదే.

ఆ కొరింథు సంఘం ఎలాంటిదో తెలుసా? అన్యభాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడటం), ప్రవచనాలు, అద్భుతాలు, అన్నీ ఉన్నాయి. అనుభవాలకు ఏ లోటూ లేదు. అయినా మొదటి కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయంలో పౌలు ఎంత కోపంగా ఉన్నాడో చూడు. కలిగినవాళ్లు ముందే వచ్చి తెచ్చుకున్నది తినేస్తున్నారు, తాగుతున్నారు, లేనివాళ్లు ఆకలితో చూస్తూ కూర్చుంటున్నారు. మీరు కూడి తింటున్నది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. సన్నిధి ఉందా లేదా అని చూడటానికి ఆయన వాళ్ల కన్నీళ్లవైపు చూడలేదు, వాళ్ల పళ్లేలవైపు చూశాడు. చివరికి చెప్పిన మందు ఏమిటంటే, భోజనానికి కూడి వచ్చినప్పుడు "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి". మనం 'ప్రభువు సన్నిధిలో కనిపెట్టడం' అంటాం చూడు, అదే మాట మన బైబిల్లో ఇక్కడ సాటి మనిషి కోసం వాడారు. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు పొలం పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే వాళ్లే గుర్తొస్తారు.

మా అమ్మమ్మ కూలి చేసేది. ఊళ్లో కొన్ని వీధుల్లో చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిన రోజులవి. గుడిలో మాత్రం అందరితోపాటు చాప మీద కూర్చునేది, అయ్యగారు అందరికీ ఇచ్చిన గిన్నెలోంచే ఆమెకూ ద్రాక్షారసం ఇచ్చేవారు, ఆమె పెదవి తగిలిన అంచుకే తర్వాతివాళ్ల పెదవి తగిలేది. ఆమెకు చదువు రాదు. సన్నిధి గురించి ఒక్క ముక్క కూడా వివరించి చెప్పలేదు. కానీ 'ఆయన బల్ల దగ్గర ఎవరూ నన్ను లేవమనలేదు' అనేది, ముసలితనంలో కూడా అదే చెప్పేది. దేవుడు తన ప్రజల మధ్య ఉన్నాడని నాకు మొదట తెలిసింది ఆ మాటలోనే. మన సంఘాల్లో కులం పోలేదని నాకు తెలుసు, ఇప్పటికీ పేటకో గుడి, సమాధుల తోటలో కూడా గీతలు, ఇవన్నీ చూస్తూనే ఉన్నాం. సన్నిధి గురించి బెంగపెట్టుకోవాల్సి వస్తే నీకు కన్నీళ్లు రాలేదన్నదానికంటే ముందు దీని గురించి పెట్టుకోవాలి.

నువ్వు చూసిన లాంటి ఆరాధన చేసే పెంతెకొస్తు వాళ్లని తక్కువ చేస్తున్నానని అనుకోకు. 1906లో లాస్ ఏంజెలెస్‌లో అజూసా వీధిలో, ఒకప్పుడు చర్చిగా ఉండి తర్వాత గుర్రాల కొట్టంగా వాడిన పాత కట్టడంలో మొదలైన ఉజ్జీవం నుంచే ఆ ఆరాధన పద్ధతి లోకమంతా పాకింది. దాన్ని నడిపించిన విలియం సీమోర్ నల్లజాతి మనిషి, తల్లిదండ్రులు బానిసత్వంలోంచి బయటపడ్డవాళ్లు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక బల్ల మీద కూర్చోని ఆ కాలపు అమెరికాలో వాళ్లు కలిసి మోకరించారు, అప్పటి వాళ్లకు అన్యభాషలకంటే అదే పెద్ద వింత. ఆ సీమోరే, కోపంతో, చాడీలతో బతికేవాళ్లు ఎన్ని భాషలు మాట్లాడినా పరిశుద్ధాత్మ బాప్తిస్మం పొందినట్టు కాదని బోధించాడు. ఆ ఉద్యమంలోనే ఉన్న గుర్తు ఇది, నేను బయటినుంచి తెచ్చి పెట్టింది కాదు.

కన్నీళ్ల సంగతికి వస్తే, అక్కడ ఏడ్చేవాళ్లు నటిస్తున్నారని మాత్రం అనుకోకు. వారమంతా ఆఫీసులో, అద్దె ఇంట్లో, అత్తగారింట్లో బిగబట్టుకున్నది ఆదివారం పూట బయటికి వస్తుంది, అది కూడా దేవుడి దయే. నేనూ అలాంటి కూడికల్లో ఏడ్చాను, తేలికపడి ఇంటికి వచ్చాను. కానీ మసక వెలుతురు, నెమ్మదిగా సాగే సంగీతం, వేలమంది గొంతులు ఇవన్నీ మనిషి శరీరాన్ని కదిలిస్తాయి, అది శరీరం తీరు. కొందరికి తొందరగా కదులుతుంది, కొందరికి కదలదు. మా ఇంట్లోనే నేను చిన్నదానికి కూడా కన్నీళ్లు పెట్టుకునేదాన్ని, మా ఆయన తన తల్లి చనిపోయిన రోజున కూడా బయటికి ఏడవలేదు. ఆయనకు తల్లి మీద ప్రేమ లేదని ఎవరు అనగలరు?

యాకోబు రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు, కల వచ్చింది, లేచి ఏమన్నాడు? నిశ్చయంగా యెహోవా ఈ స్థలంలో ఉన్నాడు, అది నాకు తెలియకపోయింది అన్నాడు. ఉన్నాడు, తెలియలేదు, రెండూ ఒకే మాటలో ఉన్నాయి. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు పునరుత్థానుడైన ప్రభువు పక్కనే మైళ్లు నడిచారు, వాక్యం విన్నారు, గుర్తుపట్టలేదు. గుర్తుపట్టింది రొట్టె విరిచినప్పుడు, ఆ వెంటనే ఆయన కనబడలేదు, ఆ తర్వాతే 'దారిలో మన హృదయం మండుతూ ఉంది కదా' అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. వెనక్కి తిరిగి చూసుకుంటే తెలిసింది, అదీ ఇద్దరూ మాట్లాడుకుంటే తెలిసింది.

రొట్టె మాట వచ్చింది కాబట్టి నువ్వు పుట్టిన సంఘం ఏం నమ్ముతుందో కాస్త చెబుతాను, ఎందుకంటే నీ ప్రశ్నకు అక్కడ మంచి జవాబు ఉంది. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో, మీ సంఘానికి పేరిచ్చిన సంస్కర్త లూథర్, స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటికి ఒప్పందం కుదిరింది. కుదరనిది ఒక్కటే, ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో పంచే రొట్టె ద్రాక్షారసాల్లో, క్రీస్తు ఎలా ఉన్నాడన్నది. లూథర్ సుద్దముక్కతో బల్లమీద 'ఇది నా శరీరము' అని లాటిన్‌లో రాసి పెట్టుకున్నాడట, ఎవరేమన్నా ఆ మాట చూపించడానికి. అది మొండితనంలా కనిపిస్తుంది గానీ దాని వెనక ఉన్న ఆరాటం నాకు అర్థమవుతుంది. ఆయన తన మనసుని ఎంత తవ్వుకున్నా నిశ్చయత దొరకని మనిషి, సన్యాసిగా ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకుని కూడా నెమ్మది దొరకనివాడు. తన లోపల కాకుండా బయట, చేతిలో పెట్టే రొట్టెలో, చెవిన పడే మాటలో దేవుడు దొరుకుతాడన్నదే ఆయనకు సువార్త. నీకు ఏమీ అనిపించకపోయినా 'నీ కొరకు' అని చెప్పి నీ చేతిలో పెట్టింది నీకే ఇచ్చినట్టు. మిగతా సంఘాలు దీన్ని వేరే రకంగా చెబుతాయి. కతోలికులు రొట్టె రసాలు నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయంటారు, అందుకే దివ్య సత్ప్రసాదం ఉంచిన చోట దీపం ఆరనివ్వరు. మన బాప్టిస్టులూ బ్రదరెన్ వాళ్లూ ఇది జ్ఞాపకం అంటారు. బైబిలు మిషను వాళ్లు, 1938లో దేవదాసు అయ్యగారు మొదలుపెట్టిన దగ్గరనుంచి, మౌనంగా సన్నిధిలో కనిపెట్టడాన్ని తమ ప్రార్థనకు ప్రాణంగా పెట్టుకున్నారు. ఇన్ని తేడాలున్నా, నీకు అనిపిస్తేనే ఆయన ఉన్నట్టు అని వీటిలో ఏదీ చెప్పదు.

ఇప్పుడు నాన్నమ్మ దగ్గరికి వద్దాం.

నువ్వు ఆమె పక్కన కూర్చుని పాటలు నేర్చుకుని ఉంటావు. పుస్తకం పెట్టెలో పెట్టుకుని వచ్చావు, తెరవలేదు. తల్లీ, నీకు ఏమీ అనిపించకపోవడానికి కారణం నువ్వు దుఃఖంలో ఉండటం కావచ్చని ఎవరైనా నీతో అన్నారా? కొన్నిసార్లు దుఃఖం ఏడుపులా రాదు, మొద్దుబారినట్టు వస్తుంది. మా ఆయన పోయాక ఎనిమిది నెలలు నాకు పాట నోట రాలేదు. ప్రతి ఆదివారం వెళ్లి అదే వరసలో కూర్చునేదాన్ని, మా పక్కింటావిడ పాటల పుస్తకం నాకు కూడా కనిపించేలా పట్టుకునేది, నేను అక్షరాలు చూస్తూ ఉండేదాన్ని, అంతే. ఒక్కరోజు కూడా ఆమె 'పాడవేం' అనలేదు. ప్రార్థన కూడా వాళ్లే చేశారు, విశ్వాస ప్రమాణం వాళ్లే చెప్పారు, నేను వాళ్ల మధ్య కూర్చున్నాను. ఆ ఎనిమిది నెలలు నా విశ్వాసం నా దగ్గర లేదు, వాళ్ల దగ్గర ఉంది. ఒక్కదాన్నే ఇంట్లో ఉండి ఉంటే ఎవరు మోసేవాళ్లు?

దేవుడు స్తోత్రాల మీద ఆసీనుడని చెప్పడానికి స్టేజీల మీద ఎక్కువగా ఎత్తే వాక్యం 22వ కీర్తనలోది, 3వ వచనం. ఆ కీర్తన ఎలా మొదలవుతుందో తెలుసు కదా, "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" సిలువ మీద ప్రభువు నోట వచ్చిన మాట. దేవుడు దూరంగా ఉన్నాడు, పగలు మొరపెట్టినా జవాబు లేదు అని ఏడుస్తున్న మనిషే రెండు వచనాల తర్వాత నువ్వు స్తోత్రాల మీద ఆసీనుడివి అంటున్నాడు. అలా అనిపించి అన్నది కాదు అది, పితరులు నమ్మారు కదా, వాళ్లని విడిపించావు కదా అని వాళ్లని తలుచుకుని అన్నాడు. మీ నాన్నమ్మ నమ్మింది చూడు, అలా. అదే కీర్తన 22వ వచనంలో "సమాజమధ్యమున నిన్ను స్తుతించెదను" అని ఉంది, హెబ్రీ పత్రిక రెండో అధ్యాయం ఆ మాటను యేసు నోటిమాటగా చదువుతుంది. అంటే కూడిన సంఘం మధ్యలో నిలబడి ఆయనే పాడుతున్నాడు. నాకు ఇది అర్థమైన రోజున చాలా ఊరట కలిగింది. పాట మొదలుపెట్టేది మనం కాదు. నీ గొంతు పూడుకుపోయిన ఆదివారం కూడా ఆ పాట ఆగదు, నువ్వు దాని పక్కన కూర్చున్నా చాలు.

యేసు శిష్యుడు తోమాను కూడా ఒకసారి తలుచుకో. ప్రభువు తిరిగి లేచిన ఆదివారం సాయంత్రం శిష్యుల దగ్గరికి వచ్చినప్పుడు అతను అక్కడ లేడు. అందరూ చూశామన్నారు, తనకు మాత్రం ఏమీ లేదు. నమ్మను అని తెగేసి చెప్పాడు. ఎనిమిది రోజుల తర్వాత శిష్యులు లోపల ఉన్నప్పుడు "తోమా వారితోకూడ ఉండెను" అని రాసి ఉంది. మిగతా పదిమంది అతన్ని నీలో ఏదో పాపం ఉందని బయట నిలబెట్టలేదు, అతను కూడా నటించలేదు, అలిగి వెళ్లిపోలేదు. వారం గడిచాక కూడా నమ్మలేని మనిషి నమ్మినవాళ్లతో ఒకే ఇంట్లో ఉన్నాడు. ప్రభువు వచ్చింది ఆ ఇంటికి.

అందుకే యూట్యూబ్ సరిపోదు అంటున్నాను. 2020లో గుళ్లు మూసేసినప్పుడు ఆ ఫోనే మనకు దిక్కయింది, ఈస్టర్ ఆరాధన కూడా నట్టింట్లో స్టూలు మీద ఫోన్ నిలబెట్టి చూశాం. మంచం దిగలేని పెద్దవాళ్లకు, రాత్రి డ్యూటీ చేసే నర్సులకు ఇప్పటికీ అది పెద్ద మేలు, వాళ్లకు దేవుడు అందడని నేను ఎన్నడూ అనను. ఒంటరిగా చేసే ప్రార్థన కూడా కావాలి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నది ఆయనే. కానీ నీకు కాళ్లు ఆడుతున్నాయి, చుట్టుపక్కల సంఘాలున్నాయి. హెబ్రీ పత్రికలో సమాజంగా కూడటం మానవద్దు అన్న వాక్యాన్ని మనవాళ్లు హాజరు పట్టీలా వాడతారు గానీ దాని ముందు వచనం చూడు, ప్రేమ చూపడానికి, మంచి పనులు చేయడానికి ఒకరినొకరు పురికొల్పుకోవాలి అని ఉంది. స్క్రీన్ మీది మనిషికి నువ్వు కనిపించవు. నువ్వు రెండు నెలలు రాకపోతే ఆ వేలమందిలో ఎవరైనా ఫోన్ చేశారా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు, చేయలేదనే అనుకుంటున్నాను. నాకు బాధ కలిగింది అక్కడే.

వేర్వేరు సంఘాలు 1947లో సిఎస్ఐగా, అంటే దక్షిణ ఇండియా సంఘంగా, ఏకమయ్యాక 1950లో తెచ్చుకున్న ఆరాధన క్రమంలో ఒక పద్ధతి ఉంది, బల్ల దగ్గరినుంచి అయ్యగారు మొదలుపెట్టి, చేతుల్లో చేతులు పెట్టి సమాధానం ఒకరినుంచి ఒకరికి వెనక వరస దాకా అందిస్తారు. మొదటిసారి అలాంటి గుడికి వెళ్లినప్పుడు పేరు తెలియని ఒక పెద్దాయన గరుకు చేతులు నా చేతుల్ని పట్టుకున్నాయి. నీకు అలాంటి చేతులు కావాలి తల్లీ.

కాబట్టి ఇలా చెయ్యి. హాస్టల్‌కి దగ్గరలో ఒక చిన్న సంఘం వెతుక్కో, లూథరన్ అయినా, సిఎస్ఐ అయినా, బాప్టిస్టు అయినా, ఇంకేదైనా సరే, వంద రెండువందల మంది ఉండే చోటు, నువ్వు రాకపోతే తెలిసే చోటు. బల్ల ఇచ్చే ఆదివారం ఎప్పుడో కనుక్కుని ఆ రోజు వెళ్లు. చేతులెత్తాలనిపించకపోతే ఎత్తకు, మళ్లీ నటించకు, నటనే నిన్ను ఎక్కువ అలసిపోయేలా చేసింది. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే 'మా నాన్నమ్మ పోయింది, నాకు పాడబుద్ధి కావడం లేదు' అని ఉన్నమాట చెప్పు, దానికి వాళ్లేమంటారో చూడు, అక్కడ ఉండొచ్చో లేదో నీకే తెలుస్తుంది. అలాంటి చోటు దొరక్క ఆ పెద్ద చర్చికే తిరిగి వెళ్తావా, వెళ్లు, తప్పేం లేదు, కానీ ముందు ఆ అక్కను ఒక్కదాన్నే పక్కకు పిలిచి 'మీరన్న మాటకు నాకు చాలా బాధ కలిగింది' అని చెప్పు. మత్తయి 18 చెప్పేది ఇదే. మీరిద్దరూ అలా కూర్చున్న చోట ఆయన ఉంటాడు, నీకు అనిపించినా అనిపించకపోయినా.

హాస్టల్లో మీ ఫ్లోర్‌లోనే ప్రార్థన చేసుకునే అమ్మాయి ఒకరైనా ఉండకపోరు. వారంలో ఒక రాత్రి పదిహేను నిమిషాలు, ఇద్దరూ కలిసి ఒక కీర్తన చదువుకోండి. 22తోనే మొదలుపెట్టండి.

నాన్నకి ఫోన్ చెయ్యి, ఈ ఆదివారం దాకా ఆగకు. 'రెండు నెలలుగా వెళ్లడం లేదు నాన్నా' అని చెప్పేయ్. కోప్పడతాడేమోనని నీకు టెన్షన్‌గా ఉంటుంది, నాకు మాత్రం ఆయన ముందు కంగారుపడి, తర్వాత తన తల్లి గురించి మాట్లాడతాడనిపిస్తోంది. ఆయనకూ ఆ మాట మాట్లాడటానికి ఎవరూ దొరికి ఉండరు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పాటల పుస్తకం వెంట తీసుకెళ్లు, నువ్వూ నాన్నా కలిసి సమాధుల తోటకు వెళ్లండి, నాన్నమ్మ ఎక్కువగా పాడే పాట ఏదో ఆయన్నే పేజీ తీయమను. నువ్వు పాడలేకపోతే ఆయన పాడతాడు. ఎలా జరిగిందో నాకు రాయి.